గాయాల లెక్క ఎటు పోయింది?

కేంద్ర కార్మిక, ఉపాధి కల్పన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ



మీ శాఖ కింద ముంబైలో డీజీఫాస్లీ అనే సంస్థ ఒకటుంది. రాష్ట్రాల ఫ్యాక్టరీ తనిఖీ విభాగాలు పంపే ప్రమాదాల లెక్కలను ఒకచోట చేర్చి పట్టికలు కట్టడం దాని పనుల్లో ఒకటి. ఆ పట్టికల ప్రకారం 2017 నుంచి 2020 వరకు దేశంలో రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో ఏడాదికి సగటున 1,109 మంది చనిపోయారు, 4,000 మందికి పైగా గాయపడ్డారు. రోజుకు ముగ్గురి చావు, పదకొండు మందికి దెబ్బలు. ఈ అంకెలు బయటికొచ్చినప్పుడు అందరూ ఆ ముగ్గురి గురించే మాట్లాడారు. మాట్లాడాల్సిందే. నాకు మాత్రం ఆ పదకొండు దగ్గర అనుమానం పట్టుకుంది.

పటాన్‌చెరు, బొల్లారం వైపు బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీల్లో సేఫ్టీ విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ని. ఒక ఫ్యాక్టరీలో ఒక ప్రాణం పోయేలోపు ఎన్ని చేతులు కాలతాయో, ఎన్ని వేళ్లు నలుగుతాయో, సాల్వెంట్ వాసనకు ఎంతమంది కళ్లు తిరిగి పడిపోతారో దగ్గర నుంచి చూశాను. ఒక చావుకు నాలుగు గాయాలు కూడా లేవన్న లెక్క నాకే కాదు, ఏ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని అడిగినా నవ్వొస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచమంతటా ఏటా పని ప్రమాదాల్లో 3.3 లక్షల మంది పోతుంటే, ప్రాణం తీయని గాయాలు 39.5 కోట్లు. ఒకటికి సుమారు 1,200. అమెరికాలో 2023లో పని చేస్తూ ప్రమాదాల్లో చనిపోయినవారు 5,283 మంది. ప్రైవేటు సంస్థలు ఆ ఏడాది చూపించిన గాయాలు, జబ్బులు సుమారు 26 లక్షలు. ఒకటికి ఐదు వందల దరిదాపు. లెక్కగట్టే పద్ధతులు వేరు కాబట్టి ఇది ముతక పోలికేనని ఒప్పుకుంటాను. అయినా ఎక్కడి ఐదు వందలు, ఎక్కడి నాలుగు?

అమెరికా వాళ్ల నిష్పత్తి మనకొద్దు, అందులో పదోవంతే పెట్టుకుందాం. అప్పుడు కూడా మన ఫ్యాక్టరీల్లో ఏడాదికి 55 వేల గాయాలు ఉండాలి. మీ పట్టికలో 4 వేలున్నాయి. మిగతా 50 వేలు ఏమైనట్టు? మన యంత్రాలు మనిషిని గాయపరచకుండా నేరుగా చంపేస్తాయని అనుకోవాలి, లేదంటే గాయాలు రాయడం లేదని అనుకోవాలి. శవాన్ని దాచడం కష్టం. పోలీసులొస్తారు, పోస్టుమార్టం ఉంటుంది, బంధువులు గేటు ముందు కూర్చుంటారు. తెగిన వేలును దాచడానికి ఒక తెల్ల కట్టు, ఒక కుర్చీ చాలు.

ఇంకో మాట. మీ లేబర్ బ్యూరో అల్మారాల్లో పాత వార్షిక గ్రంథాలుంటాయి, తీయించి చూడండి. 1970లలో మన ఫ్యాక్టరీ గాయాల అంకె లక్షల్లో ఉండేది. చావులు వందల్లో ఉండేవి. అప్పటికి మనకు ఇన్ని ఫ్యాక్టరీలు లేవు, ఇన్ని రసాయనాలు లేవు. ఈ యాభై ఏళ్లలో చావులు వెయ్యి దాటాయి, గాయాలు మాత్రం లక్షల నుంచి వేలకు దిగాయి. భద్రత నిజంగా పెరిగితే రెండూ తగ్గాలి. ఒకటి పెరిగి ఇంకొకటి కనబడకుండా పోయిందంటే, తగ్గింది రాసేవాళ్లే.

ఇందాక అన్న కుర్చీ సంగతి చెబుతాను. పాత ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం ప్రమాదంలో మనిషి చనిపోయినా, దెబ్బ తగిలి 48 గంటలో అంతకు మించో పనికి రాలేకపోయినా యాజమాన్యం నోటీసు పంపాల్సి ఉండేది. నేను పనిచేసిన ఒకచోట సెంట్రిఫ్యూజ్ మీద ఒక కుర్రాడుండేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, కాంట్రాక్టర్ కింద చేరినవాడు. బ్యాచ్ ఆలస్యమైపోతోందని తొందర పెడితే, బాస్కెట్ పూర్తిగా ఆగకముందే మూత తెరిచి చెయ్యి పెట్టాడు. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. ఈఎస్‌ఐ ఆసుపత్రికి తీసుకెళ్తే యాక్సిడెంట్ రిపోర్టు అడుగుతారు కాబట్టి కంపెనీ వ్యాన్ తెలిసిన నర్సింగ్‌హోమ్‌కి పోయింది. మర్నాడు పొద్దున అదే వ్యాన్ అతని రూము దగ్గర ఆగింది. తీసుకొచ్చి టైమాఫీసులో ఫ్యాను కింద ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మోచేతి దాకా కట్టు, మెడకు వేలాడదీసిన చెయ్యి. మస్టర్‌లో ఎడమచేతి వేలిముద్ర వేయించారు. సాయంత్రం దాకా నొప్పి మాత్రలు మింగుతూ, వచ్చేపోయేవాళ్లు పలకరిస్తే తలూపుతూ కూర్చున్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. రికార్డులో అతను పనికొచ్చాడు. 48 గంటల లెక్క మొదలే కాలేదు. గేటు పక్కన ‘ప్రమాదం లేకుండా గడిచిన రోజులు’ అని రాసి ఉన్న బోర్డు మీద అంకె ఎప్పటిలాగే ఒకటి పెరిగింది.

అతనితో మాట్లాడితే అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: “సార్, పేరు రాయొద్దని మీరే చెప్పండి. రాస్తే కాంట్రాక్టరు మళ్లీ గేట్ పాస్ ఇవ్వడు.” రాయకపోతే ఏం పోతుందో అతనికి తెలియదు. ఈఎస్‌ఐలో శాశ్వత వైకల్యానికి నెలనెలా జీవితాంతం వచ్చే డబ్బుంటుంది. ప్రమాదం జరిగినట్టు కాగితమే లేనప్పుడు ఆ డబ్బు ఎవరిస్తారు?

ఇందులో ఒక్క యాజమాన్యాన్నే తప్పుపట్టి ఊరుకుంటే పని జరగదు. గాయం రాస్తే నష్టపోయేవాళ్ల వరుస పెద్దది. షిఫ్ట్ ఇన్‌ఛార్జికి ఇన్సెంటివ్ కోత పడుతుంది. లేబర్ కాంట్రాక్టరుకు బిల్లు ఆగుతుంది. మందులు కొనే విదేశీ కంపెనీ ఆడిట్‌కి వచ్చినప్పుడు ఆ అంకె మీదే ప్రశ్నలు వేస్తుంది. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం నాడు షీల్డు పక్క ఫ్యాక్టరీకి పోతుంది. మీ ప్రభుత్వాలు కూడా ‘ప్రమాదాలు తగ్గాయి’ అని చెప్పుకోవడానికే ఇష్టపడతాయి. కింద నుంచి పైదాకా అందరికీ సున్నానే ముద్దు. నిజానికి గాయాలు ఎక్కువ రాసే ఫ్యాక్టరీయే కాస్త నిజాయతీ ఉన్న ఫ్యాక్టరీ అని నా అనుభవం. దాన్ని దండించి, ఏమీ రాయనివాడికి దండ వేస్తున్నాం.

ఇదంతా రిజిస్టరైన ఫ్యాక్టరీల సంగతి. వాటి బయట పనిచేసేవాళ్లే ఈ దేశంలో ఎక్కువ. 2021 మార్చిలో మీ శాఖే పార్లమెంటుకు చెప్పింది: ఐదేళ్లలో ఫ్యాక్టరీలు, ఓడరేవులు, గనులు, నిర్మాణ స్థలాల్లో కలిపి కనీసం 6,500 మంది విధి నిర్వహణలో మరణించారని. అందులో 5,600కు పైగా ఫ్యాక్టరీలవే. మిగిలిన తొమ్మిది వందల లోపు చావులను గనులు, ఓడరేవులు, నిర్మాణ పనులు పంచుకోవాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ పేపర్ల జిల్లా పేజీలు తిరగేస్తే చాలు. సెంట్రింగ్ కూలి, పునాది గోతిలో మట్టిపెళ్లలు విరిగిపడి, పరంజా మీంచి జారి పోయిన ప్రాణాలే ఆ అంకెను ఎగతాళి చేస్తాయి.

2022 మార్చి 23న సికింద్రాబాద్ బోయిగూడలో తుక్కు గోదాము తగలబడింది. పైగదిలో పడుకున్న 11 మంది బిహార్ కూలీలు కాలిపోయారు. పగలు కింద తుక్కు ఏరి, రాత్రి ఆ తుక్కు మీదే కట్టిన గదిలో పడుకునే బతుకులు. పని గంటలు కావు, నిద్ర గంటలు. ఫ్యాక్టరీ కాదు, గోదాము. వాళ్లు పని వల్ల పోయినట్టా, కానట్టా? 2018 ఏప్రిల్‌లో నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ఏఎమ్మార్పీ కాలువలోకి ట్రాక్టర్ బోల్తాపడి, మిరపకాయలు కోయడానికి పోతున్న 9 మంది కూలీలు చనిపోయారు. పోలీసు రికార్డులో అది రోడ్డు ప్రమాదం. కూలికి పోతూ పోయారన్న సంగతి ఏ కార్మిక పట్టికకూ ఎక్కదు. 2020 మే 7న విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ ఆవిరి తెల్లవారుజామున ఊరి మీదికి వచ్చింది. 12 మంది పోయారు. వాళ్లు ఊరివాళ్లు, ఫ్యాక్టరీ మస్టర్‌లో పేర్లు లేనివాళ్లు. ఆంధ్రప్రదేశ్ పారిశ్రామిక చరిత్రలో అంతటి పేరుమోసిన దుర్ఘటనను కూడా ‘ఫ్యాక్టరీలో మరణించిన కార్మికులు’ అన్న వరుసలో వెతికితే దొరకదు.

ఆ ఏడాదే ఆగస్టు 1న హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది చనిపోయారు. అందులో షిప్‌యార్డు సొంత ఉద్యోగులు నలుగురే. తక్కిన ఏడుగురూ కాంట్రాక్టు సంస్థల వాళ్లు. ప్రభుత్వ రంగంలోనే ఇలా ఉంటే ప్రైవేటు సంగతి అడగాలా? ప్రమాదానికి దగ్గరగా నిలబడే పని కాంట్రాక్టు మనిషిదని మాకందరికీ తెలుసు. చనిపోయినవాళ్లలో పర్మినెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు, వలస వచ్చినవాళ్లు ఎందరు, చేరి నెల తిరగనివాళ్లు ఎందరు అని మీరు ప్రచురించే పట్టిక చెప్పాలి. ఈ నాలుగు గళ్లు నింపితే కొత్తగా నిపుణుల కమిటీలు వేయనక్కర్లేదు. ఎక్కడ శిక్షణ లేదో, ఎవరిని ఎక్కడ నిలబెడుతున్నారో అవే చెబుతాయి.

గాయాలు దాయొచ్చు, చావును దాయడం కష్టమని పైన అన్నాను. 2025 జూన్ 30 తర్వాత ఆ మాట కూడా గట్టిగా అనలేకపోతున్నాను. ఆ రోజు పొద్దున పాశమైలారంలో, మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి తయారుచేసే ఫ్యాక్టరీ పేలిపోయింది. స్ప్రే డ్రయ్యర్ ఉన్న బిల్డింగ్ కుప్పకూలింది. మెత్తటి పొడి గాలిలో తగినంత లేచి, దానికి నిప్పురవ్వ తగిలితే ఎంత పని చేస్తుందో మా వృత్తిలో మొదటి పాఠం. ఆ సంగతి మీ విచారణలు చూసుకుంటాయి. నన్ను కలచివేసింది ఆ తర్వాత జరిగిన లెక్క. మొదట పదీ పన్నెండు అన్నారు. మర్నాటికి ముప్పై దాటింది. తర్వాత నలభై దాటింది. పేలుడప్పుడు లోపల ఎందరున్నారన్నది తేలడానికే రోజులు పట్టింది. ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చిన తల్లిదండ్రులు, అన్నదమ్ములు పటాన్‌చెరు ఆసుపత్రి దగ్గర డీఎన్‌ఏ పరీక్షకు రక్తమిచ్చి ఎదురుచూశారు. చివరికి 46 మంది మరణాలు నిర్ధారించారు. మరో 8 మంది ఆనవాలు కూడా దొరకలేదు. మొత్తం 54.

ఆ ఎనిమిది మందినీ మీ 2025 పట్టికలో ఎలా రాస్తారు? మృతులు, క్షతగాత్రులు అని రెండే వరుసలు. గల్లంతైనవాళ్లకు గడి లేదు. సంగారెడ్డి జిల్లాలో, ఔటర్ రింగురోడ్డుకు దగ్గర్లోనే, పట్టపగలు జరిగి, పదుల టీవీ కెమెరాలు చుట్టుముట్టిన దుర్ఘటనలోనే మనుషుల లెక్క ఇంతకాలం తేలలేదంటే, అనకాపల్లి జిల్లాలో ఏ బాణసంచా షెడ్డులోనో, ఏ క్రషర్ దగ్గరో ఒక్కడు పోయినప్పుడు ఆ ఒక్కడి లెక్క ఎవరు చూస్తున్నారు?

ఇక జబ్బులు. అసలు పెద్ద మోసం ఇక్కడుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా ప్రకారం పని కారణంగా ఏటా చనిపోయే 29.3 లక్షల మందిలో 26 లక్షల మందిని చంపేది ప్రమాదం కాదు, జబ్బు. పది మందిలో దాదాపు తొమ్మిది మంది. మన పట్టికల్లో ‘వృత్తి వ్యాధులు’ అన్న చోట చాలా రాష్ట్రాలకు ఎదురుగా సున్నా, లేదంటే ఒక గీత. పాత ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూల్‌లో 29 రకాల జబ్బులుండేవి: సీసం విషం, సిలికోసిస్, ఆస్బెస్టోసిస్, నూలు దుమ్ముతో వచ్చే బిస్సినోసిస్, ఇంకా ఎన్నో. వాటిలో ఏదైనా కనిపిస్తే వైద్యుడు ఫ్యాక్టరీల ప్రధాన తనిఖీ అధికారికి రాసి పంపాలని 89వ సెక్షన్ చెప్పేది. పంపకపోతే జరిమానా వెయ్యి రూపాయల దాకా ఉండేది. ఆ వెయ్యి కట్టిన డాక్టరును నేను ఈ జన్మలో చూడలేదు.

ఛాతీ ఆసుపత్రిలో ఒక బంధువును చూడ్డానికి వెళ్లినప్పుడు పక్క మంచం మీది మనిషి కేస్‌షీట్ చదివాను. నలభై దాటని వయసు, ఎముకల గూడు. జబ్బు: పల్మనరీ టీబీ, రెండోసారి మందులు. వృత్తి: కూలి. ఏం కూలి అని అడిగితే, పదిహేనేళ్లు రాళ్లమిల్లులో పలుగురాయి పొడి పట్టానని చెప్పాడు. మూతికి తువ్వాలు కట్టుకుని. రాతిపొడి పీల్చిన ఊపిరితిత్తుల్ని ఎక్స్‌రేలో చూసి టీబీ అనుకోవడం మామూలే, పైగా సిలికోసిస్ ఉన్నవాడికి టీబీ తొందరగా పట్టుకుంటుంది కూడా. మందులు పనిచేయకపోతే మళ్లీ అవే మందులు. ఏం పని, ఏ దుమ్ము, ఎన్నేళ్లు అన్న మూడు ప్రశ్నలు ఆ కాగితం మీద ఉండి ఉంటే ఆ మనిషి మీ పట్టికలోకి వచ్చేవాడు. మార్కాపురం పలకలు కోసినవాళ్లు, చీమకుర్తి క్వారీల్లో డ్రిల్లు పట్టినవాళ్లు, మా చుట్టుపక్కల క్రషర్లలో బతుకులు వెళ్లదీసినవాళ్లు ఆ మూడు ప్రశ్నల కోసం ఎదురుచూస్తున్నారు.

వెతికితే దొరుకుతారనడానికి రాజస్థాన్ ఉంది. 2019లో ఆ రాష్ట్రం దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుల కోసం ఒక విధానం తెచ్చింది. కార్మికుడే పేరు నమోదు చేసుకోవచ్చు. వైద్యుల బోర్డు పరీక్షించి సిలికోసిస్ అని ధ్రువీకరిస్తే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. వేలకు వేల మంది బయటికొచ్చారు. రాజస్థాన్‌లో రాయి కొత్తగా విషమెక్కలేదు కదా! ఇన్నేళ్లూ అడగలేదు, ఇప్పుడు అడిగారు, అంతే తేడా. తెలంగాణకూ ఆంధ్రప్రదేశ్‌కూ ఇలాంటిది చేయండని మీరు ఒక ఉత్తరం రాయలేరా?

సిమెంటు రేకుల సంగతీ అంతే. 1999లో ఆస్బెస్టాస్‌ను పూర్తిగా నిషేధించిన బ్రిటన్‌లో, పాత పాపం ఫలితంగా వచ్చే మెసోథెలియోమా అనే క్యాన్సర్‌తో ఇప్పటికీ ఏటా 2,000 మందికి పైగా చనిపోతున్నారని వాళ్లే లెక్క చెబుతారు. మనం ఇవాళ్టికీ ఏటా లక్షల టన్నుల ఆస్బెస్టాస్ దిగుమతి చేసుకుని రేకులు చేసుకుంటున్నాం. మన లెక్క అడిగితే జవాబు లేదు. నిషేధించినవాడి దగ్గర రోగులున్నారు, వాడుతున్నవాడి దగ్గర లేరు!

ఇది పేద దేశం, అంతటి లెక్కలు మనవల్ల కావని మీ అధికారులు అనొచ్చు. సింగరేణిని చూడమనండి. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోతే, ఆ పదిహేడులో ఒక్కటి కూడా ఎవరూ తగ్గించలేకపోయారు. గనిలో దిగినవాడి పేరు దిగేముందే రాస్తారు, లాంప్‌రూములో దీపం లెక్క ఉంటుంది, ధన్‌బాద్‌లోని డీజీఎంఎస్ అనే ఒకే సంస్థ దేశంలోని గని మరణాలన్నిటినీ విచారించి ప్రచురిస్తుంది. గనుల భద్రత గొప్పగా ఉందని అనను. చనిపోయినవాడు లెక్కలో ఉంటాడని మాత్రం చెప్పగలను. బొగ్గు గనికి సాధ్యమైంది బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీకి ఎందుకు సాధ్యం కాదు?

అమెరికా వాళ్ల పద్ధతిలో నాకు నచ్చింది ఒకటుంది. 1992 నుంచి వాళ్లు యజమాని పంపే కాగితం ఒక్కదాన్నే నమ్మకుండా మరణ ధ్రువపత్రాలు, నష్టపరిహారం కేసులు, పోలీసు రికార్డులు, పత్రికల వార్తలు అన్నీ జల్లెడ పట్టి, ప్రతి చావునూ ఒకటికి రెండు ఆధారాలతో సరిచూసి లెక్కలోకి తీసుకుంటున్నారు. సొంత పొలంలో ట్రాక్టరు కింద పడ్డ రైతూ వస్తాడు, రోడ్డు మీద పోయిన లారీ డ్రైవరూ వస్తాడు. పెట్రోలు బంకు కౌంటర్ దగ్గర డ్యూటీలో ఉండగా దొంగ తుపాకీకి బలైన మన తెలుగు పిల్లవాడు కూడా ఆ దేశం లెక్కలో పని చోట మరణించినవాడే. అదే పిల్లవాడు ఇక్కడే ఏ బంకులోనో పనిచేస్తూ అలా పోయి ఉంటే, అది హత్య కేసు మాత్రమే.

ఖతార్ సంగతి చూడండి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు పెట్టెల్లో తిరిగొచ్చినప్పుడు కాగితం మీద ‘సహజ మరణం’ అని, గుండె ఆగిందని ఉంటుంది. దాని మీద ప్రపంచమంతా నిలదీస్తే, 2021లో అంతర్జాతీయ కార్మిక సంస్థ అక్కడి ఆసుపత్రుల రికార్డులను ఆధారం చేసుకుని లెక్క తీసింది: 2020లో 50 మరణాలు, 506 తీవ్ర గాయాలు, 37,600 మధ్యస్థ, స్వల్ప గాయాలు. సహజ మరణాల చిక్కు అప్పటికీ విడలేదు, ఆ నివేదికే ఒప్పుకుంది. కానీ ఆ మూడో అంకె చూశారా? ఆసుపత్రిలో లెక్కబెడితే గాయాలు అలా కనిపిస్తాయి. మనకు ఈఎస్‌ఐ ఆసుపత్రులున్నాయి, 108 అంబులెన్సు ఉంది, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్యసేవ ఉన్నాయి. కాలిన గాయాల వార్డులో చేరిన మనిషిని “ఎక్కడ కాలింది?” అని అడిగి, ఒక గడిలో రాసుకోవడానికి ఎంత ఖర్చవుతుంది?

2025 నవంబర్ 21న మీరు నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చారు. వాటి మంచిచెడ్డల మీద నా అభిప్రాయాలు నాకున్నాయి, ఇక్కడ అవన్నీ ఏకరువు పెట్టను. లెక్కలకు సంబంధించి మూడు సంగతులు. పాత చట్టంలో కరెంటు వాడే చోట పది మంది, కరెంటు లేనిచోట ఇరవై మంది ఉంటే ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఆ హద్దు ఇరవై, నలభై అయింది. రేపు మీ పట్టికలో ఫ్యాక్టరీ మరణాలు తగ్గినట్టు కనిపిస్తే అది భద్రత పెరిగినందుకా, హద్దు జరిపినందుకా? కొన్నేళ్ల పాటు పాత హద్దు ప్రకారం కూడా లెక్కకట్టి పక్కన వేయించండి. రెండోది, నలభై దాటిన కార్మికులకు ఏటా ఉచిత వైద్య పరీక్ష అన్నారు. చాలా మంచి మాట. ఆ ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు కంపెనీ డాక్టరు బీరువాలో ఉండిపోతే ఫలితం లేదు. పేర్లు తీసేసి వాటి ఫలితాలు ప్రతి ఏడాదీ బయటపెట్టాలి. మూడోది, ఇంటి నుంచి పనికి పోయే దారిలో జరిగిన ప్రమాదం కూడా పనిలో జరిగినట్టేనని సామాజిక భద్రతా కోడ్‌లో ఒప్పుకున్నారు. ఆ న్యాయం పరిహారానికి సరిపోతే లెక్కకూ సరిపోవాలి. వద్దిపట్ల ట్రాక్టర్ లాంటివి ఇకనైనా కార్మిక మరణాల పట్టికకు రావాలి.

ఇవి కొత్త కోరికలు కూడా కావు. కార్మిక తనిఖీకి సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం నెం. 81ని మన దేశం 1949 ఏప్రిల్‌లోనే ఆమోదించింది. పారిశ్రామిక ప్రమాదాల లెక్కలు, వృత్తి వ్యాధుల లెక్కలు రెండూ ఉన్న వార్షిక నివేదికను, ఏడాది ముగిశాక పన్నెండు నెలల్లోపు ప్రచురిస్తామని అందులో ఉంది. రాజ్యాంగం అమల్లోకి రాకముందు ఇచ్చిన మాట. ఇవాళ మేం ఈ అంకెల కోసం సమాచార హక్కు దరఖాస్తులు పెట్టుకోవాల్సి వస్తోంది.

అయ్యా, మిమ్మల్ని అడిగేది ఇంతే. ప్రతి రాష్ట్రంలో పనిలో పోయిన ప్రతి ప్రాణానికీ ఒక వరుస రాయించండి: ఏ జిల్లా, ఏ పని, ఎవరి మస్టర్, ఎన్నాళ్ల అనుభవం, ఏం జరిగింది. పేరు అక్కర్లేదు. అది ఎవరైనా చూసుకునేట్టు పెట్టండి. ప్రమాదం జరిగిందని రాసినవాణ్ని, రాయమన్నవాణ్ని పనిలోంచి తీయకుండా రక్షణ ఇవ్వండి. షీల్డులు, బహుమతులు గాయాల అంకె చూసి ఇచ్చే పద్ధతి ఆపేయండి. డాక్టర్లు జబ్బు రాసి పంపితే వెయ్యి రూపాయలు మీరే బహుమతిగా ఇవ్వండి, జరిమానా వేసిన దానికన్నా బాగా పనిచేస్తుంది.

ఇలా చేస్తే మొదటి ఏడాదే గాయాల అంకె నాలుగు వేల నుంచి నలభై వేలకో, ఇంకా పైకో ఎగబాకుతుంది. మీ హయాంలోనే ప్రమాదాలు పదింతలయ్యాయని ప్రతిపక్షం సభలో కాగితాలు ఊపుతుంది, పత్రికలు పెద్దక్షరాలతో వేస్తాయి. అప్పుడు మీ అధికారులు భయపడి పాత పద్ధతికి పోదామంటారు. వాళ్ల మాట వినకండి. ఆ అంకెను పెరగనివ్వండి.

ఇట్లు,
ఫ్యాక్టరీ భద్రతా విభాగంలో పనిచేసి రిటైరైన ఒక పటాన్‌చెరు వాసి